ఒక్క బర్నర్‌కే పసుపు మంట వస్తుంటే

మీ స్టవ్‌లో చిన్న బర్నర్ మాత్రమే పసుపు మంటతో గిన్నెలకు మసి పట్టిస్తోందని, పెద్దది నీలంగానే మండుతోందని రాశారు కనుక, లోపం సిలిండర్‌లోనో రెగ్యులేటర్‌లోనో కాక ఆ బర్నర్ దారిలోనే ఉండి ఉంటుంది. జెట్ (గ్యాస్‌ను చిమ్మే సన్న రంధ్రమున్న చిన్న ముక్క) నుంచి వేగంగా వచ్చే గ్యాస్ పక్కనున్న సందులోంచి గాలిని తనతో లాక్కుపోవాలి. పొంగిన పాలు, సాలెగూడు గ్యాస్, గాలి కలిసి బర్నర్‌కు చేరే గొట్టంలో అడ్డుపడితే గాలి చాలక మంట పసుపుపచ్చగా మారుతుంది.

రెగ్యులేటర్ కట్టేసి, చల్లారిన ఇత్తడి బర్నర్‌ను చింతపండు కలిపిన వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, రంధ్రాలను గుండుసూదితో ఒక్కొక్కటిగా పొడిచి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. గొట్టం లోపల కూడా సీసాలు కడిగే సన్న బ్రష్ తిప్పాలి. తడి పూర్తిగా ఆరాకే బిగించండి. జెట్‌లో మాత్రం సూది గుచ్చవద్దు, రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువై సమస్య ముదురుతుంది. అది పూడిపోయిందనిపిస్తే మెకానిక్ చేత మార్పించండి, ఖరీదైన వస్తువేమీ కాదు.

వెలిగించేముందు రెగ్యులేటర్ తెరిచి, రబ్బరు గొట్టం అతుకులకు సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు వస్తే వెంటనే కట్టేసి, గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.