వేడి దేశానికి విహారయాత్ర: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఉక్కపోత ఎక్కువగా ఉండే దేశానికి వారం రోజులకి వెళ్తున్నాం. ఒక్కొక్కరికి ఎన్ని జతలు పెట్టుకోవాలి? జీన్స్ పనికొస్తుందా?

నాలుగు జతలు చాలు. ఉక్కపోతలో బట్టలు మాసేలోపే చెమటకి తడుస్తాయి. అందుకే ఎన్ని జతలున్నాయన్న దానికంటే ఎంత త్వరగా ఆరతాయన్నదే ముఖ్యం. బ్యాగు సర్దే ముందు ఇంట్లోనే పరీక్షించండి. చొక్కా ఉతికి, పిండి, పొడి తువ్వాల్లో చుట్టి గట్టిగా మెలిపెట్టి, రాత్రి గదిలో ఆరేయండి. పొద్దున్నే చంకల కుట్టు, కాలరు, నడుం పట్టీ తడిమి చూడండి. ఇంకా చెమ్మ తగిలితే దాన్ని ఇంట్లోనే వదిలేయండి. ఈ పరీక్షలో జీన్స్ ఎలాగూ నెగ్గదు.

ఒక పల్చటి శాలువా మాత్రం మర్చిపోవద్దు. విమానంలో, ఏసీ బస్సులో చలికి కప్పుకోవచ్చు, ప్రార్థనా మందిరాల్లో భుజాలు కప్పుకోవచ్చు. తొడలు ఒరుసుకునేవాళ్లు నడకకి ముందే పెట్రోలియం జెల్లీ రాసుకోవాలి. మంట మొదలయ్యాక రాస్తే పెద్దగా ఫలితం ఉండదు. కొత్త చెప్పులతో ప్రయాణం పెట్టుకోకండి, కనీసం రెండు వారాలు వాడినవే వేసుకోండి.

ప్రశ్న: పోయినసారి ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ స్థాయి) 50 ఉన్న సన్‌స్క్రీన్ రాసుకున్నా ఒళ్లంతా కమిలిపోయింది. లోపం ఎక్కడ?

చాలామటుకు లోపం క్రీములో కాదు, రాసుకునే మోతాదులో ఉంటుంది. సరిగ్గా రాస్తే ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం, ఎస్‌పీఎఫ్ 50 దాదాపు 98 శాతం ఆపుతాయి. తేడా ఒక్క శాతమే. పల్చగా పూస్తే ఏదైనా ఒకటే, రక్షణ బాగా పడిపోతుంది. ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. పెద్దవాళ్లకి ఒళ్లంతటికీ ఒకసారికి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే ఈత దుస్తుల్లో ఉన్న ఒక మనిషికి 100 మిల్లీలీటర్ల ట్యూబు మూడుసార్లకే సరి!

ఎండలోకి వెళ్లడానికి పావుగంట ముందే రాసుకుని, ప్రతి రెండు గంటలకీ, నీళ్లలోంచి రాగానే మళ్లీ రాయాలి. చెవుల అంచులు, పాపిట, పాదాల పైభాగం చాలామంది మర్చిపోతారు. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీము ఖర్చు బాగా తగ్గుతుంది. మా దృష్టిలో పిల్లలకి అదే మేలు.

సాధారణంగా క్యాబిన్ బ్యాగులోకి 100 మిల్లీలీటర్లకి మించిన సీసాని అనుమతించరు, పెద్దది చెక్ ఇన్ లగేజీలో పెట్టండి. హవాయి, పలావు వంటి పసిఫిక్ దీవుల్లో పగడాలకి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్లపై నిషేధం ఉంది. కొనేటప్పుడే లేబుల్ చదవండి.

దోమల క్రీము కూడా వాడుతుంటే ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దోమల క్రీము. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీము ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. ఆ చేత్తో కళ్లజోడు, వాచీ ముట్టుకోకండి.

ప్రశ్న: ఎండకి భయపడి గదిలోనే కూర్చోవాలా?

అక్కర్లేదు, రోజుని రెండు ముక్కలు చేసుకోండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే యూవీ తీవ్రంగా ఉన్నట్టు. ఆ వేళ మ్యూజియం, భోజనం, కునుకు. నీడ పొడవుగా ఉండే పొద్దుటి పూట, సాయంత్రం సముద్రం, నడక, సంత. వేడి అలవాటు కావడానికి ఒంటికి వారం పైనే పడుతుంది కాబట్టి మొదటి రెండు రోజులు పెద్ద ట్రెక్కింగ్ పెట్టుకోవద్దు.

ప్రశ్న: మందుల సంచిలో తప్పనిసరిగా ఉండాల్సినవి?

రోజూ వాడే మందులు, వాటి చీటీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మందులు అసలు స్ట్రిప్పుల్లోనే ఉంచి క్యాబిన్ బ్యాగులో పెట్టుకోండి. ఇన్సులిన్‌ని చెక్ ఇన్‌లో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని లీటరు శుభ్రమైన నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకి బదులు కీడు జరుగుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

ప్రశ్న: పవర్ బ్యాంక్ ఎందులో పెట్టాలి? ఏసీ గది నుంచి బయటికి రాగానే కెమెరా మసకబారుతోంది, ఏం చేయాలి?

పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగులోనే. 100 వాట్ అవర్ల (బ్యాటరీ సామర్థ్యపు కొలత) లోపువి మామూలుగా ఒప్పుకుంటారు, 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు. చల్లటి లెన్సుకి తేమ గాలి తగిలితే నీటి ఆవిరి పేరుకుంటుంది. గదిలోనే కెమెరాని ప్లాస్టిక్ కవర్లో మూసి, బయటికొచ్చాక అరగంట ఆగి తెరవండి. తుడుస్తూ కూర్చుంటే మరకలే మిగులుతాయి.

ప్రశ్న: ఆఖరి రోజు పొద్దున స్కూబా డైవింగ్, సాయంత్రం విమానం. కుదురుతుందా?

వద్దు. డైవింగ్‌లో ఒంట్లో కరిగిన నత్రజని, విమానంలో గాలి పీడనం తగ్గగానే బుడగలు కట్టి ప్రాణం మీదకి తేవచ్చు. మామూలు డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. డైవింగ్‌ని యాత్ర మొదటి సగంలోకి మార్చుకుని, ఆఖరి రోజుకి స్నార్కెలింగ్ పెట్టుకోండి. నీటి పైపైనే తేలుతూ చూస్తారు కాబట్టి దానికి ఈ గడువు అక్కర్లేదు.