పబ్లిక్ హెల్త్ డిగ్రీ: చాపెల్ హాజరు నుంచి టీబీ పరీక్ష దాకా

అమెరికాలోని క్రైస్తవ యూనివర్సిటీల్లో పబ్లిక్ హెల్త్ డిగ్రీ గురించి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ చదువుతానంటోంది. అది బాప్టిస్టుల యూనివర్సిటీ అట, మేం హిందువులం. మతం విషయంలో ఇబ్బంది పెడతారా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: క్రైస్తవ యూనివర్సిటీలన్నీ ఒక్క తీరుగా ఉండవమ్మా. లాస్ ఏంజెలిస్ దగ్గరి బయోలా వంటివి డిగ్రీలో క్రైస్తవ విశ్వాసం ఉన్నవాళ్లనే చేర్చుకుంటాయి. బేలర్ అన్ని మతాలవాళ్లనూ తీసుకుంటుంది. కాకపోతే చేరాక నియమం అందరికీ ఒకటే. రెండు మత కోర్సులు చదవాలి, ఒకటి బైబిల్ మీద, ఇంకొకటి క్రైస్తవ చరిత్ర మీద. దాంతోపాటు రెండు సెమిస్టర్లు చాపెల్‌కు, అంటే క్యాంపస్‌లో జరిగే ప్రార్థన సమావేశాలకు, హాజరు కావాలి. మత కోర్సుల క్రెడిట్లు డిగ్రీ మొత్తంలోనే కలుస్తాయి కాబట్టి వాటివల్ల చదువేమీ పొడుగు కాదు.

ఇబ్బంది వచ్చేది వాటిని వాయిదా వేసినప్పుడే. చాపెల్‌లో లెక్కకొచ్చేది హాజరు. చివరి ఏడాదికి అట్టేపెట్టుకుంటే ప్రాక్టికమ్ (క్షేత్రస్థాయి శిక్షణ) వేళలతో తగాదా వస్తుంది. మొదటి రెండేళ్లలోనే ముగించమనండి. మద్యం, హాస్టల్ గదుల్లోకి రాకపోకల గురించిన నియమాలు ఇలాంటి చోట్ల గట్టిగా ఉంటాయి. సీటు కోసం డిపాజిట్ కట్టకముందే స్టూడెంట్ హ్యాండ్‌బుక్ మీరిద్దరూ కూర్చుని చదవండి.

ప్రశ్న: కన్సల్టెన్సీవాళ్లు ‘ఫుల్ అక్రెడిటేషన్ ఉంది’ అంటున్నారు. ఏం చూసి నమ్మాలి?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: యూనివర్సిటీకి ఉండే అక్రెడిటేషన్ (గుర్తింపు) వేరు, పబ్లిక్ హెల్త్ ప్రోగ్రామ్‌కు ఉండేది వేరు. రెండోది ఇచ్చేది సీఈపీహెచ్ (కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఫర్ పబ్లిక్ హెల్త్), 1974 నుంచి ఉన్న సంస్థ. దాని వెబ్‌సైట్లో మీ యూనివర్సిటీ పేరుతో ఆగకుండా మీ డిగ్రీ పేరు కూడా వెతకండి. ఎంపీహెచ్‌కు (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ డిగ్రీకి) గుర్తింపు ఉన్నంత మాత్రాన వేరే డిపార్ట్‌మెంట్ నడిపే బ్యాచిలర్ డిగ్రీకీ ఉన్నట్టు కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

హెల్త్ ఎడ్యుకేషన్ వైపు వెళ్లాలనుంటే హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్టుగా సర్టిఫికెట్ ఇచ్చే సీహెచ్ఈఎస్ పరీక్ష సంగతి ఇప్పుడే తెలుసుకోండి. డిగ్రీ మరో సబ్జెక్టులో ఉన్నవాళ్లకు హెల్త్ ఎడ్యుకేషన్‌కు చెందిన 25 సెమిస్టర్ క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనబడాలి. అందుకే కోర్సు సిలబస్‌లు పారేయకుండా దాచుకోండి.

ప్రశ్న: ఎపిడెమియాలజీలో (జబ్బులు జనంలో ఎలా వస్తాయో చదివే సబ్జెక్టులో) రిలేటివ్ రిస్క్, ఆడ్స్ రేషియో రెండూ కలగాపులగం అవుతున్నాయి. మిడ్‌టర్మ్ దగ్గరపడింది.
– రెండో ఏడాది విద్యార్థిని, డాలస్

జవాబు: సూత్రాలు పక్కన పెట్టి ఒక చర్చి విందు లెక్క చేద్దాం. 1940 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో కౌంటీలో ఒక చర్చి విందులో తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. విచారణలో మాట్లాడించినవాళ్లు 75 మంది, వాళ్లలో జబ్బుపడ్డవాళ్లు 46 మంది.

వెనిలా ఐస్‌క్రీమ్ తిన్నవాళ్లు 54 మంది, వాళ్లలో 43 మందికి జబ్బు. తిననివాళ్లు 21 మంది, వాళ్లలో ముగ్గురికి జబ్బు. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. తినడం, తినకపోవడం అడ్డవరుసల్లో, జబ్బు, ఆరోగ్యం నిలువువరుసల్లో వెయ్యండి. అడ్డంగానే భాగించాలి: 43ను 54తో భాగిస్తే 79.6 శాతం, 3ను 21తో భాగిస్తే 14.3 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 5.6. అదే రిలేటివ్ రిస్క్, అంటే తిననివాళ్లతో పోలిస్తే తిన్నవాళ్లకు ముప్పు ఎన్ని రెట్లు అన్నది. ఆడ్స్ రేషియో అంటే జబ్బుపడ్డవాళ్లకూ పడనివాళ్లకూ ఉన్న నిష్పత్తిని రెండు గుంపుల మధ్య పోల్చడం. దానికి ఎదురెదురు మూలల గళ్లను గుణించండి: 43ను 18తో (తినక ఆరోగ్యంగా ఉన్నవాళ్లు), 11ను (తిన్నా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు) 3తో. 774ను 33తో భాగిస్తే సుమారు 23.5.

ఒకే విందుకు 5.6 ఏమిటి, 23.5 ఏమిటి? జబ్బు అరుదుగా ఉన్నప్పుడు ఈ రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి. ఇక్కడ సగానికి పైగా జబ్బుపడ్డారు కనుక ఆడ్స్ రేషియో ఉబ్బిపోయింది. ‘తిన్నవాళ్లకు ముప్పు 23 రెట్లు’ అని రాస్తే తప్పే. మరి ఆడ్స్ రేషియో ఎందుకంటే, కేస్ కంట్రోల్ స్టడీలో (రోగులను ఆరోగ్యవంతులతో పోల్చే అధ్యయనంలో) రోగులు ఎందరు, ఆరోగ్యవంతులు ఎందరు అన్నది పరిశోధకులే ఎంచుకుంటారు. కాబట్టి అక్కడ ముప్పు శాతం కట్టడానికి ఆధారమే ఉండదు.

నిలువుగా భాగిస్తే ఎలా మోసపోతామో కేకు చూపిస్తుంది. జబ్బుపడ్డ 46 మందిలో 27 మంది కేకు తిన్నారు. సగం దాటింది కదా అని కేకును అనుమానించాలనిపిస్తుంది. అడ్డంగా చూడండి: తిన్న 40 మందిలో 27 మందికి, తినని 35 మందిలో 19 మందికి జబ్బు. రిలేటివ్ రిస్క్ 1.24 మాత్రమే. ఈ రెండు పట్టికలూ పుస్తకం చూడకుండా చేయగలిగితే మిడ్‌టర్మ్‌కు భయపడక్కర్లేదు.

ప్రశ్న: కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో జీతం లేని ప్రాక్టికమ్ దొరికింది. టీబీ స్కిన్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, కంగారుగా ఉంది. జీతం లేదు కాబట్టి సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) అక్కర్లేదు అంటున్నారు స్నేహితులు, నిజమేనా?
– ఎఫ్-1 వీసా విద్యార్థి, బర్మింగ్‌హామ్, అలబామా

జవాబు: ముందు టీబీ సంగతి. మన దగ్గర పుట్టగానే బీసీజీ (టీబీ టీకా) వేస్తారు. దానివల్ల టీబీ లేకపోయినా స్కిన్ టెస్ట్ పాజిటివ్ రావచ్చు. బీసీజీ వేయించుకున్నట్టు క్యాంపస్ క్లినిక్‌లో చెప్పి, ఇగ్రా అనే రక్తపరీక్ష అడగండి, దానిమీద బీసీజీ ప్రభావం ఉండదు. అదీ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే బాగుండి, లక్షణాలేవీ లేకపోతే అది నిద్రాణ టీబీ, అంటే ఒంట్లో క్రిములున్నా జబ్బుగా బయటపడని స్థితి. ఇతరులకు అంటదు, మూడు నాలుగు నెలల మందులతో చికిత్స ఉంది. దాచకండి, వాయిదా వేయకండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా కూడా బాకీ ఉంటే టీబీ పరీక్ష రోజునే వేయించుకోండి, లేదా నాలుగు వారాలు ఎడం ఇవ్వండి. టీకా వేయించుకున్న కొత్తల్లో టీబీ పరీక్ష తప్పుగా నెగటివ్ రావచ్చు.

ఇక సీపీటీ. జీతం లేదన్న మాట పట్టుకుని పనిలో దిగకండి. ప్రాక్టికమ్‌కు క్రెడిట్లు ఉన్నాయంటే ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని) అడిగి, కావాలన్నారంటే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద సీపీటీ నమోదయ్యాకే మొదటిరోజు వెళ్లండి. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండనివ్వకండి, నిండితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీకాల రికార్డు, రోగుల గోప్యత శిక్షణ అన్నిటికీ కలిపి వారాలు పడుతుంది. ప్రాక్టికమ్‌కు ముందటి సెమిస్టర్ సగంలోనే మొదలుపెట్టాలి.

ప్రశ్న: క్రైస్తవ యూనివర్సిటీల్లో హెచ్‌ఐవీ, కుటుంబ నియంత్రణ పాఠాలు దాటేస్తారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సీఈపీహెచ్ గుర్తింపు ఉన్నచోట జనాభా ఆరోగ్య సమస్యలు, ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాలు, ఆరోగ్య చట్టాలు, నైతికత అన్నీ నేర్పాల్సిందే. తేడా కనబడేది సాధారణంగా నైతికత చర్చలోనూ, క్యాంపస్ క్లినిక్‌లోనూ. కొన్ని క్యాథలిక్ క్యాంపస్‌ల క్లినిక్‌లలో గర్భనిరోధకాలు ఇవ్వరు. అనుమానముంటే డిపార్ట్‌మెంటుకు రాసి గ్లోబల్ హెల్త్ కోర్సు సిలబస్ తెప్పించుకోండి. అందులో ప్రాథమిక ఆరోగ్య సేవల మీద వచ్చిన 1978 ఆల్మా ఆటా అంతర్జాతీయ ప్రకటన ఉందా, 1970 దశకంలో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రాజ్, మేబెల్ అరోలే దంపతులు పల్లె ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసిన పని ఉందా చూడండి. వాటి మీద ఏ వారం ఏం చదవాలో, ఏ ఇంటర్వ్యూలు చేయాలో కూడా సిలబస్‌లో ఉంటే పాఠం గట్టిగా చెబుతున్నట్టే.