డాలర్ మీద ఉన్న దేవుడు బడిలో ఎందుకు లేడు?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాను. డాలర్ నోటు మీద 'దేవుణ్ణి నమ్ముతాం' అని ఉంది. మనవడి గవర్నమెంటు బడిలో మాత్రం పొద్దున ప్రార్థన లేదు. ఇదేం లెక్కండీ?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: భలే పట్టుకున్నారమ్మా! ఆ మాట దేశ నినాదమైంది 1956లో, కమ్యూనిస్టు రష్యాతో పోటీ రోజుల్లో. 1791లో అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ మాత్రం, ప్రభుత్వం ఏ మతాన్నీ తనది చేసుకోకూడదు, ఎవరి మతానికీ అడ్డురాకూడదు అంటుంది. మతానికీ ప్రభుత్వానికీ మధ్య ఉందని అందరూ చెప్పే 'గోడ' అన్న మాట రాజ్యాంగంలో లేదు. 1802లో ప్రెసిడెంట్ జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ ఊరి బాప్టిస్టు క్రైస్తవులకు రాసిన ఉత్తరంలో ఉంది. ఆయనకు మొరపెట్టుకున్నది నాస్తికులు కాదు, భక్తులే! అక్కడ సర్కారు అండ వేరే చర్చికి ఉండేది మరి.

ఆ సవరణ ప్రకారమే, న్యూయార్క్ గవర్నమెంటు బడుల కోసం అధికారులు రాసిన ప్రార్థనను 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ మనవడు అన్నం ముందు గోవిందా అనుకుంటే ఎవరూ కాదనరు. 2022లో, ఆట అయ్యాక మైదానంలో మోకరిల్లి ప్రార్థించిన స్కూలు ఫుట్‌బాల్ కోచ్ కేసు గెలిచాడు. అది ఆయన సొంత ప్రార్థన అంది కోర్టు. కావచ్చు. కానీ కోచ్ మోకరిల్లితే, టీములో చోటు కావాల్సిన కుర్రాడు పక్కకు తప్పుకోగలడా అని నా అనుమానం.