మంట ఆరాక మాస్కు తీయకు

చిన్నా,

నీకు ఫైర్‌మన్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు అర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాక నా పరిస్థితీ అంతే. అటక మీది నా పాత హెల్మెట్ దించాను, నీకిద్దామని. మళ్లీ పైన పెట్టేశాను. ఎందుకో చెప్తా.

నిచ్చెన ఎక్కడం, పైపు పట్టడం, ముడులు వేయడం ట్రైనింగులో నేర్పుతారు. శ్రద్ధగా నేర్చుకో. నిద్ర దొరికినప్పుడు పడుకో. మంటలోకి వెళ్లడం గురించి నాకు పెద్దగా టెన్షన్ లేదు. నా భయమంతా మంట ఆరిన తర్వాత సంగతి.

నా సర్వీసులో పదకొండో ఏడు. ఒక ఫర్నిచర్ గోడౌన్ తగలబడింది. ఫోము పరుపులు, రెక్సిన్ సోఫాలు, ప్లాస్టిక్ కుర్చీలు. మంట అణచడానికి మూడు గంటలు పట్టింది. అసలు చాకిరీ ఆ తర్వాతే. కాలిన సరుకంతా తిరగేసి, అడుగున నిప్పు దాగుందేమో చూస్తూ తడపాలి. అప్పటికి ఒంట్లో సత్తువ ఉండదు, వీపు మీది గాలి సిలిండరు బండరాయిలా ఉంటుంది. పొగ పలచబడింది కదా అని నేను మాస్కు తీసేశాను.

నా పక్కన ఒక కుర్రాడుండేవాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. వాడు తీయలేదు. “మంట ఆరిపోయింది కదరా, ఇంకా ఆ ముసుగెందుకు? ఇక్కడెవరికైనా అప్పున్నావా?” అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వి తీసేశాడు. ఇద్దరం రెండు గంటలు అలాగే గడ్డపారలతో తవ్వాం. ఆ రాత్రి ముక్కు చీదితే నల్లగా వచ్చింది. మర్నాడూ అంతే. బాగా పని చేశామని దాన్ని చూసి మురిసిపోయాం. అంత తెలివి మాది!

పొగ కంటికి కనపడనంత మాత్రాన గాలి మంచిదైపోదురా. ఫోమూ ప్లాస్టిక్కూ నివురులో మగ్గుతున్నంతసేపూ బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి విషవాయువులు వదులుతూనే ఉంటాయి. పాత కట్టడమైతే, కూలిన పైకప్పు కదిపినప్పుడల్లా ఆస్బెస్టాస్ ధూళి లేస్తుంది.

ఇరవై ఏళ్లు గడిచాక వాడికి మూత్రాశయంలో క్యాన్సర్ వచ్చింది. సిగరెట్ ముట్టినవాడు కాదు. మూత్రంలో రక్తం పడుతున్నా, నొప్పి లేదు కదా అని ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ చేసి మూత్రాశయం తీసేశారు. బతికే ఉన్నాడు. ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. ఆ ఒక్క రోజు వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు, అలాంటి రోజులు మాకు చాలా ఉన్నాయి. కానీ ఆ రోజు వాడి మాస్కు తీయించింది నేను. వాడికది గుర్తుందో లేదో ఇంతవరకు అడగలేకపోయాను.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మన ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో చేర్చింది. అంతకుముందు ‘కావచ్చు’ అనే వర్గంలో ఉండేది. గట్టి ఆధారాలున్నాయని చెప్పినవి రెండు: ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా, మూత్రాశయ క్యాన్సర్. ఆ రెండో పేరు దగ్గర పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

ఇక హెల్మెట్ సంగతి. దాని మీది మసి నేనెప్పుడూ కడగలేదు. మసి ఎంత దట్టంగా ఉంటే అంత సీనియర్ అని మా లెక్క. ఆ విషాన్ని నీ నెత్తిన ఎలా పెడతాను? నువ్వు మాత్రం అక్కడికక్కడే, కోటు విప్పకముందే సబ్బునీళ్లతో బ్రష్షు వేయించుకో. ఒక పరిశోధనలో అలా కడిగితే కోటు మీది పొగ రసాయనాలు సుమారు 85 శాతం పోయాయి. విప్పిన కోటు సంచిలో మూతి కట్టి పెట్టు. క్యాబిన్లో పక్కన పెట్టుకుని కూర్చోకు, ఇంటికి అసలు తేకు. నేను తెచ్చేవాణ్ణి, మీ అత్త పిల్లల బట్టలతో కలిపి ఉతికేది. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు కూడా కడుపులో దేవినట్టుంటుంది. మెడ, దవడ, గజ్జలు వెంటనే తుడుచుకో, స్టేషన్‌కి రాగానే స్నానం చెయ్యి. చెమట పట్టిన వేడి ఒంట్లోకి ఆ రసాయనాలు తొందరగా ఇంకుతాయి. షెడ్డులో ఊరికే ఇంజిన్ ఆన్ చేసి ఉంచే అలవాటుంటే మాన్పించు, డీజిల్ పొగా క్యాన్సర్ కారకాల ఆ మొదటి వర్గంలోనే ఉంది.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఏ రోజు, ఏం కాలింది, ఎంతసేపున్నావు, మాస్కు ఉందా లేదా, అన్నీ రాయి. రేపు ఏదైనా జబ్బు చేస్తే అది ఉద్యోగం వల్లే వచ్చిందని చూపించడానికి నీ చేతిలో కాగితం ఉండాలి. మూత్రంలో ఒక్క చుక్క రక్తం కనపడినా, నొప్పి లేకపోయినా, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సిగ్గుపడి దాచావో, ఈ వయసులో కూడా వచ్చి చెవి మెలేస్తాను.

ఇంకొకటి. మీ అమ్మ పంపిన ఫొటోలో నీ గడ్డం చూశాను. బాగుంది, కానీ తీసేయ్. వెంట్రుకలుంటే మాస్కు చర్మానికి అతకదు, సందుల్లోంచి పొగ లోపలికొస్తుంది. మీసం ఉంచుకో, మాస్కు అంచుకు తగలకుండా. తీశాక ఫొటో పంపు. నీ చిన్నప్పటి ముఖం చూసి చాలా కాలమైంది.

మామయ్య