గట్టిదా, దృఢమైనదా, కఠినమైనదా?

సందేహం: మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టులో పాలికార్బొనేట్‌ను 'దృఢమైన పారదర్శక ప్లాస్టిక్' అని రాశాడు. టీచరు 'కఠినమైన' అని దిద్దారు. మేం షెడ్డుకి షీట్లు కొన్న విజయవాడ కొట్టులో 'గట్టి సరుకండీ' అన్నారు. మూడూ ఒకటేనా? ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: మాటల్లో మూడూ ఒకటిగానే చెల్లిపోతాయి. సైన్సు రాసేటప్పుడు కుదరదు. మూడింటిలో నేను అసలు ఒప్పుకోనిది టీచరుగారి దిద్దుబాటే.

పదార్థాల విషయంలో కఠినం అంటే గీతకు తేలిగ్గా లొంగనిది. వజ్రం కఠినం, గాజూ కఠినమే. పాలికార్బొనేట్ ఇక్కడే ఓడిపోతుంది. దుమ్ము పట్టిన హెల్మెట్ అద్దాన్ని పొడిగుడ్డతో నాలుగుసార్లు రుద్దండి. సన్నగీతలు పడి, రాత్రి ఎదురొచ్చే లారీ లైటు ఆ గీతల్లో చెదిరి కళ్లలో కొడుతుంది. గీతలు పడకుండా పైన వేరే పూత వేసేది అందుకే. అదే అద్దానికి గులకరాయి తగిలితే మాత్రం గాజులా ముక్కలు కాదు. దెబ్బను మింగేస్తుంది. (హెల్మెట్‌కి ఉన్నది ప్లాస్టిక్ కదా, 'అద్దం' అనొచ్చా అని అడక్కండి. కళ్లద్దాలూ ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే.)

మీ అబ్బాయి రాసిన 'దృఢం' వాడుకలో తప్పు కాదు. భౌతికశాస్త్రంలో మాత్రం దృఢ వస్తువు అంటే బలం ప్రయోగించినా ఆకారం మారనిది. ఈ షీట్లనేమో విల్లులా వంచి షెడ్ల మీద బిగిస్తున్నారు! కొట్టాయన అన్న 'గట్టి'కీ దోషం లేదు. గట్టి పెరుగు, గట్టి మనిషి, గట్టిగా అరవడం... అన్నిటికీ సరిపోయే మాట కాబట్టే ఇక్కడ ఏ గుణమో తేల్చి చెప్పదు.

పాలికార్బొనేట్ అసలు గుణం పెళుసు కాకపోవడం. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారే దీన్ని తయారుచేశారు. ఫాక్స్ ప్రయోగంలో కలిపే కడ్డీకి ముద్దగా అంటుకుపోయిన పదార్థం ఎంత కొట్టినా పగల్లేదని చెబుతారు. 'పెళుసు'కు ఒక్క ముక్కలో ఎదురుమాట మన వాడుకలో స్థిరపడలేదు. 'చేవ' నాకిష్టమే కానీ అది కర్రను వదిలి రాదు. అందుకని 'తేలిగ్గా పగలని పారదర్శక ప్లాస్టిక్' అని రాయించండి. ఉత్త 'పగలని' అంటే అమ్మకందారు మాటవుతుంది.

అన్నట్టు, మీరు కొన్నవి పాలరంగు షీట్లయితే అవి 'పాక్షిక పారదర్శకం'. వెలుతురు వస్తుంది, అవతలి మనిషి మొహం కనబడదు.