జాడీకి కుదురు, బండికి కూర్పు

బండి కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంట్లో ఆవకాయ, మాగాయ పెట్టి, అప్పడాలు ఒత్తి పెద్ద బజారు దుకాణాలకు వేస్తాం. మా మరిది ట్రాలీ రిక్షా మీద తీసుకెళ్తాడు. ఎంత బిగించి కట్టినా దారిలో తాడు వదులైపోతోంది. పోయిన నెల స్పీడ్ బ్రేకర్ దగ్గర మూడు జాడీలు ఒకదానికొకటి కొట్టుకుని పగిలాయి. నైలాన్ తాడు కొనాలా, కొబ్బరి తాడు కొనాలా?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: అమ్మా, తాడు సంగతి చివర్లో చెప్తాను. "ఒకదానికొకటి కొట్టుకుని" అని రాశారు చూడండి, జబ్బంతా అక్కడుంది. జాడీల మధ్య ఖాళీ ఉంది. చక్రం గుంటలో పడగానే సరుకు ఆ ఖాళీలోకి సర్దుకుంటుంది. ఒక్క అంగుళం సర్దుకుందంటే చాలు, పొద్దున్న వీణ తీగలా మోగిన తాడు మధ్యాహ్నానికి బట్టలారేసే తాడులా వేలాడుతుంది. నేను ఆరేళ్లు రిక్షా తొక్కాను, ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్లు మన బరంపురం గేట్ బజార్లో రిక్షాల రిపేరు షాపు నడిపాను. సరుకు పడిపోయిందని వచ్చినవాళ్లంతా తాడునే తిట్టేవారు. పదింట ఎనిమిదిసార్లు తప్పు కూర్పుది.

మీ అమ్మమ్మ నీళ్ల కుండ కింద ఏం పెట్టేవారు? కుదురు. జాడీకీ అదే. పాత చీర ముక్క మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, పురికొసతో నాలుగుచోట్ల కట్టండి. జాడీకొక కుదురు. దాని కింద బల్లంతా గోనె పరవండి. వట్టి రేకు మీద పెడితే, ఊరగాయ నూనె ఒక్క చుక్క కారినా జాడీ నున్నగా జారుతుంది. జాడీల మధ్య వరిగడ్డి కుక్కండి, గడ్డి దొరక్కపోతే పాత బట్టలు. ఎంత కుక్కాలంటే, ఒక జాడీ మెడ పట్టుకుని ఊపితే చుట్టూ ఉన్నవి కూడా దాంతోపాటే ఊగాలి. ఒక్కటే ఊగిందా, ఇంకా కుక్కండి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. బరువైన జాడీలు ఇరుసు మీద, దానికి జానెడు ముందుకి రావాలి. అప్పడాల అట్టపెట్టెలు తేలిక కాబట్టి వెనక్కి. మీ మరిది చేసే పని నేను చూడకుండానే చెప్పగలను. ముందు దించాల్సిన దుకాణం సరుకు చేతికందేలా బల్ల చివర పెడుతుంటాడు, అది జాడీలైనా సరే. ఎడ్లబండి తోలినవాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ఎడ్లకి మెడ కింద పలుపు బిగుసుకుంటుంది. రిక్షాకి ఎడ్లు లేవు కాబట్టి లేచేది ముందు చక్రం. హేండిల్ తిప్పినా బండి తిరగదు. ముందు బరువైతే ఫోర్క్ మీద భారం పడి హేండిల్ రాయిలా అవుతుంది. సరుకు ఎక్కించాక, సీటెక్కకముందు హేండిల్ పట్టుకుని ముందు చక్రం లేపి చూడమనండి. సులువుగా లేస్తే జాడీలు ముందుకి జరపాలి. బొత్తిగా లేవకపోతే వెనక్కి. కొంచెం మూలిగి లేపగలిగితే సరిగ్గా ఉన్నట్టు.

ఇప్పుడు తాడు. నైలాన్ గట్టిదే, తడిసినా కుళ్లదు. కాకపోతే బరువు పడితే సాగుతుంది, నున్నగా ఉంటుంది కాబట్టి ముడి జారుతుంది. కొబ్బరి తాడు గరుకు, ముడి నిలుస్తుంది. మీ పనికి అది చాలు. సైకిల్ ట్యూబు కోసి కట్టేవాళ్లున్నారు. అప్పడాల పెట్టెలకి పరవాలేదు, జాడీలకి వద్దు. కుదుపు వచ్చినప్పుడల్లా రబ్బరు సాగి సరుకుని లేవనిస్తుంది, తరవాత వెనక్కి లాక్కుంటుంది. ఆ లేచి పడడంలోనే జాడీ పగులుతుంది.

లారీవాళ్లు టార్పాలిన్ కట్టేటప్పుడు వేసే ముడి మీ మరిది నేర్చుకోవాలి. తాడు ఒక కొస ఎడమ కొక్కానికి కట్టి, సరుకు మీదుగా కుడివైపుకి తేవాలి. కుడి కొక్కానికి మూరెడు పైన తాడులోనే చిన్న కన్ను వేయాలి. మిగిలిన కొసని కొక్కెం కిందనుంచి తిప్పి, ఆ కన్నులోంచి దూర్చి, కిందికి లాగాలి. లెక్క ప్రకారం మన బలానికి మూడింతలు పడాలి, రాపిడికి కొంత పోతుంది. లాగి పట్టుకుని, కన్ను దగ్గరే జారుముడి వేస్తే, విప్పేటప్పుడు తోక లాగితే చాలు. అయితే అమ్మా, ఈ బలమంతా జాడీ మూతల మీద నేరుగా పడనివ్వకండి, పింగాణీ కదా. మూతల మీద గుడ్డ కప్పి, పైన చెక్కపలక పరిచి, పలక మీదుగా తాడు వేయండి.

ఇంటి దగ్గర ఎంత బాగా కట్టినా నాలుగు ఇళ్లు దాటాక ఒకసారి దిగి తాడు మీటి చూడమనండి. సరుకు సర్దుకునేది ఆ మొదటి కుదుపుల్లోనే.

ప్రశ్న: ఇంటి కప్పుకి ఇనుప రేకులు తెచ్చుకోవాలి. ట్రాలీ మీద కట్టి తేవొచ్చా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తేవొచ్చు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, ఆ తరవాత కొన్ని వారాలు మా ఊళ్లో ట్రాలీలన్నీ రేకులే మోశాయి. షాపు మూసి నేను కూడా తొక్కాను. రెండో రోజే పాఠం అయింది. కొత్త నైలాన్ తాడు, రేకు అంచు మీదుగా వేశాను. నాలుగు వీధులు తిరిగేసరికి అంచు దగ్గర పోగులు లేచి, తాడు సగం తెగి ఉంది. అప్పట్నుంచి పాత సైకిల్ టైరు జానెడు ముక్కలు కోసి బండిలో ఉంచుకునేవాణ్ని. అంచుకి టైరు ముక్క తొడిగి, దాని మీదుగా తాడు. రేకులకి ఇంతకంటే మంచి కవచం నేను చూడలేదు.

రేకు మీద రేకు జారుతుంది. పైనుంచి అడ్డంగా రెండుచోట్ల కడితే సరిపోదు, ముందుకి జారకుండా కొసలకి ఎదురుగా కూడా ఒక తాడు రావాలి. మధ్య మధ్య గోనె ముక్కలు వేయండి. బల్ల దాటి వెనక్కి పొడుచుకొచ్చిన కొసకి ఎర్ర గుడ్డ కట్టండి. సందు తిరిగేటప్పుడు ఆ కొస ఎంత దూరం ఊడ్చుకొస్తుందో తొక్కేవాడికి కనబడదు, అందుకని వెనక ఒక మనిషి నడవాలి. గాలి ఉన్న రోజు మాత్రం మానుకోండి. పై రేకు ఒక్కటి లేచిందంటే కత్తితో సమానం.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్ పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: వద్దమ్మా. ఇంటి సిలిండర్లో 14.2 కిలోల గ్యాసు ద్రవంగా అడుగున ఉంటుంది, ఆవిరి పైన ఉంటుంది. పడుకోబెడితే ద్రవం వాల్వు దాకా వస్తుంది. నిలబెట్టి, సీటు వెనక కడ్డీకి ఆనించి, నడుముకి ఒక తాడు, భుజానికి ఒక తాడు.

ప్రశ్న: మజ్జిగౌరి గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముతాను. మా రాయగడలో ఎక్కడ చూసినా ఎత్తుపల్లాలే. దిగుడులో బండి మీదకి వచ్చేస్తున్నట్టు ఉంటుంది. నాలుగు గోతాలు ఒకదాని మీద ఒకటి వేస్తాను.
— ఒక చిరువ్యాపారి, రాయగడ

జవాబు: బాబూ, ముందు ఆ నాలుగో గోతాన్ని దించండి, వీలైతే మూడోది కూడా. రెండు చక్రాల సైకిలు మలుపులో లోపలికి ఒరుగుతుంది. మన మూడు చక్రాలది ఒరగదు, సరుకే బయటికి తోస్తుంది. పెళ్లయిన కొత్తలో నేను ఒక ఇనుప బీరువాని నిలబెట్టి, ఐదు వరసలు తాడు చుట్టి, నా ముడికి నేనే మురిసిపోతూ బయల్దేరాను. గేట్ బజార్ మలుపులో బండి, బీరువా, నేను ముగ్గురం కలిసే పడ్డాం. తాడు ఒక్క పోగు కూడా తెగలేదు! ఆ బీరువానే వెల్లకిలా పడుకోబెట్టి ఉంటే నా మోచేతికి ఈ మచ్చ ఉండేది కాదు. అద్దానికి డబ్బు నేనే కట్టాను, అది వేరే సంగతి.

కొబ్బరికాయలతో ఇంకో పేచీ ఉంది. గోతంలో కాయలు దొర్లుతాయి. మూతి దగ్గర వదులుంచి కుడితే దిగుడులో కాయలన్నీ ముందుకి చేరి గోతం పొట్ట వేలాడేస్తుంది. గోతాన్ని నాలుగుసార్లు నేలకేసి కుదిపి, కాయలు దిగాక మూతి బిగించి కుట్టండి. గోతాలు పక్కపక్కన పడుకోబెట్టండి. సీటు వెనక అడ్డుపలక లేకపోతే వెంటనే వేయించుకోండి, ఎందుకంటే మన రిక్షాల్లో చాలావాటికి బ్రేకు ముందు చక్రానికే ఉంటుంది. గట్టిగా పట్టగానే బండి ఆగుతుంది, కాయలు ఆగవు. అవి వచ్చి తగిలేది మీ వీపుకే.

బాగా దిగుడైతే సీటు దిగండి. ఒక చెయ్యి హేండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, బండి పక్కన నడుస్తూ దించండి. చేత్తో ఆపలేననిపిస్తే సరుకుని రెండు ట్రిప్పులు చేయండి. వెనకనుంచి ఆటోవాళ్లు హారన్ కొడతారు. కొట్టుకోనివ్వండి.