రెండు గదుల పోర్షన్‌లో కోళ్లు పెంచొచ్చా? మేం పెంచి చూశాం

ఒడిశాలోని రాయగడలో మేడ మీద రెండు గదుల పోర్షన్, దొడ్డి లేదు, పిల్లలకి ఇంటి గుడ్లు పెట్టాలని ఉంది, నాలుగు పెట్టల్ని ఇంట్లోనే పెంచితే కుదురుతుందా అని అడిగారు. మేం పర్లాకిమిడిలో సరిగ్గా ఇదే పని చేశాం. కోడిపిల్లల్ని నెల రోజులు ఇంట్లో సాకొచ్చు. ఆ తర్వాత కుదరదు.

"మా అమ్మమ్మ వాళ్లు ఇంట్లోనే పెంచేవారు కదా" అని చాలామంది అంటారు. మా అమ్మమ్మ కూడా పెంచింది. కానీ గుర్తు చేసుకుంటే, ఆవిడ కోళ్లని ఇంట్లో పెంచలేదు, ఇంట్లో పడుకోబెట్టింది. చీకటి పడగానే వసారాలో గంప కింద కమ్మేసి, పిల్లి దొర్లించకుండా పైన రుబ్బురాయి పొత్రం పెట్టేది. తెల్లారగానే గంప ఎత్తితే అవి మళ్లీ సాయంత్రం దాకా ఇంటి ముఖం చూసేవి కావు. గంప కింద రాత్రి రెట్టని బూడిద జల్లి ఊడ్చేసి, మట్టి నేల పేడతో అలికేది. మన టైల్స్ గదిలో బూడిదా లేదు, అలుకూ లేదు, కోడి బయటికి పోయే దారీ లేదు.

మేం రథయాత్ర వెళ్లాక ఆరు వనరాజా పిల్లల్ని తెచ్చాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. పెరటి కోసం అన్న మాట మాకు అప్పుడు చెవికెక్కలేదు. మొదటి నెల మాత్రం ఇల్లంతా పండగే. అట్టపెట్టెలో వరి ఊక, పైన 60 వాట్ల బల్బు. మొదటి వారం పిల్లలకి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ అక్కర్లేదు, పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుకీచుమంటుంటే చలి. నోరు తెరుచుకుని మూలలకి పోతుంటే వేడి ఎక్కువైనట్టు. అక్కడక్కడా చెదిరి పడుకుంటే సరిపోయినట్టు. మేం మొదటి రెండు రోజులు ఊక లేక న్యూస్‌పేపర్ పరిచాం, అది తప్పు. నున్నటి కాగితం మీద కాళ్లు జారి ఒక పిల్లకి కాళ్లు పక్కలకి చీలిపోయాయి, నిలబడలేక మూడో రోజు పోయింది. మా చిన్నమ్మాయి అన్నం తినలేదు ఆ రోజు.

ఐదో వారంలో రెక్కలొచ్చాయి. ఇక పెట్టె ఆగలేదు. బియ్యం డబ్బా మీద ఒకటి, కుట్టు మిషను మీద ఒకటి. వాసన సంగతి అందరూ చెప్తారు, ఎదిగిన కోడి రోజుకి వంద గ్రాముల పైనే రెట్ట వేస్తుంది కాబట్టి నాలుగింటికి అరకిలో దాకా లెక్క. వానాకాలం అది తడిసి ఆరక కళ్లు మండేవి. కానీ నన్ను ఓడించింది వాసన కాదు, పొడి. కొత్త ఈకలొచ్చేటప్పుడు వాటి తొడుగులు రాలి తెల్లటి పొడి అవుతుంది. దానికి ఊక దుమ్ము, ఎండిన రెట్ట దుమ్ము తోడు. పొద్దున టీవీ తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద పేరు రాయొచ్చు. మా చిన్నమ్మాయికి రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు గుండెల మీద స్టెతస్కోపు పెట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?"

మీ పిల్లల్లో ఎవరికైనా ఆయాసం ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

టీకాల పని ఉండనే ఉంది. కొక్కెర తెగులు (రాణీఖేత్) వస్తే గూడు గూడంతా ఊడ్చుకుపోతుంది. మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారం దగ్గర ఆర్2బి సూది వేయించాలి. సీసాలో వంద కోళ్లకి సరిపడా మందు ఉంటుంది, కలిపితే రెండు మూడు గంటల్లో వాడేయాలి. ఐదు కోళ్ల కోసం ఎవరూ సీసా విప్పరు. పశువుల ఆసుపత్రిలో ఏ రోజు విప్పుతారో కనుక్కుని ఆ రోజు గంపతో వెళ్లాలి.

ఇక గుడ్లు. వనరాజా పెట్ట ఆరో నెలకి గాని గుడ్డు పెట్టదు. పెట్టాక ఏడాదికి నూరో, నూటపదో. బయట తిరగని కోడికి రోజుకి 120 గ్రాముల మేత మీరే కొనాలి. నాలుగు పెట్టలకి ఏడాదికి 175 కిలోలు, అంటే గుడ్డుకి 400 గ్రాముల మేత. పురుగూ గడ్డీ ఏరుకు తినే కోడి గుడ్డే చవక. పైగా బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకి 14 గంటల వెలుతురు కావాలి, మన నడిమి గదిలో అంత వెలుతురు ఎక్కడిది? మా ఇంట్లో ఐదు నెలల్లో పెట్టిన గుడ్లు సున్నా.

ఐదు నెలలతో ఎందుకు ఆగింది అంటే, పుంజులు. పిల్లలప్పుడు ఏది పెట్టో ఏది పుంజో మనకి తెలీదు. మా ఐదింట్లో రెండు పుంజులు తేలాయి, తెల్లవారుజాము మూడున్నరకే పోటీ కూతలు. కింద ఉండే ఇంటావిడ, మావుసీ అంటాం, పాపం అదీ ఓర్చుకుంది. ఒడియా వాళ్ల మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది, ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆ నెల మొదటి లక్ష్మీవారం, అంటే గురువారం, లక్ష్మీపూజకని పొద్దున మావుసీ గడపంతా కడిగి, బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు వేసి లోపలికి వెళ్లింది. మా తలుపు సందులోంచి ఒక పెట్ట మెట్లు దిగింది. పిండి అంతా పొడుచుకు తిని, పాదాల మధ్యలో తన పని కానిచ్చింది. మావుసీ తిట్టలేదు. మా ఆయనతో నెమ్మదిగా, "బాబూ, కోడి ఉండాలా మీరు ఉండాలా చూసుకోండి" అంది.

ఆ ఆదివారమే గంపలో పెట్టి కాశీనగర్‌లో పిన్ని వాళ్లింటికి తీసుకెళ్లాం. వాళ్లకి పెద్ద దొడ్డి, మునగచెట్టు కింద పాత తలుపుతో చేసిన గూడు ఉన్నాయి. మూడు పెట్టల్నీ పాలికిచ్చాం. నూకలూ టీకాలూ మావి, చాకిరీ వాళ్లది, గుడ్లు చెరి సగం. పుంజుల్లో ఒకటి సంక్రాంతికి కూరైంది, రెండోది వాళ్ల వీధిలో పెత్తనం చేస్తోంది. మీకూ గుణుపురం వైపో పార్వతీపురం వైపో దొడ్డి ఉన్న చుట్టాలు ఉండకపోరు, వాళ్లని అడగండి. కొన్నాళ్లుగా పోగైన మా వాటా పదకొండు గుడ్లు కిందటి వారం వచ్చాయి. రెండు బస్సులోనే పగిలాయి.